బావమరిది తాళం

నా బావమరిది మీద నాకు కోపం రాని రోజంటూ లేదు. వాడు నా భార్యకు తమ్ముడు, పనిలో నాకు జోడీ. ఇద్దరం లిఫ్టు మెకానిక్కులం, పదకొండేళ్ళుగా కలిసి చేస్తున్నాం. పనిమంతుడే, కాదనను. కానీ వాడి కాలు ఒక్కచోట నిలవదు. పని మధ్యలో చెప్పాపెట్టకుండా ఎటో వెళ్ళిపోతాడు. అడిగితే "ఇక్కడే ఉన్నా కదా బావా" అంటాడు.

ఆ రోజు నేను వేరే వీధిలో ఒక లిఫ్టు తలుపు సరిచేస్తుంటే మాస్టారు ఫోన్ చేశారు. ఆయన కాలేజీలో నీతిశాస్త్రం చెబుతారు. ఏడంతస్తుల మేడలో పై అంతస్తులో తల్లితో ఉంటారు.

"మీవాడు పొద్దున్నే వచ్చి లిఫ్టు ఆపేశాడు. ఇప్పుడు మనిషి లేడు. పదకొండున్నరకల్లా అమ్మని డయాలసిస్‌కి తీసుకెళ్ళాలి. లిఫ్టు పది గంటలకి ఇచ్చేస్తానన్నాడు," అన్నారు.

అప్పటికే పదీ పది. పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వెళ్ళాను. ఏడంతస్తులు ఎక్కుతూ, మెట్టుకొకటి చొప్పున బావమరిదిని తిట్టుకున్నాను.

పైన లిఫ్టు తలుపు పక్కనే కుర్చీ వేసుకుని పెద్దావిడ కూర్చుని ఉన్నారు. ఆసుపత్రి కాగితాల సంచీ ఒళ్ళో ఉంది. పాదాలు ఉబ్బి చెప్పుల్లోంచి పొంగుతున్నాయి. ఆసుపత్రిలో మిషను చెడిపోయి కిందటి వంతు తప్పిపోయిందట. ఇవాళ కూడా తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందని డాక్టరు గట్టిగా చెప్పాడట. ఇప్పటికే రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నారు.

"కుర్చీలో మోసుకెళ్దామా?" అని మాస్టారిని అడిగాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. మూడు నెలల కిందట కరెంటు పోయినప్పుడు అలాగే దింపుతుంటే మలుపులో కుర్చీ ఒరిగి ఆవిడ భుజం గోడకి కొట్టుకుందట. అప్పట్నుంచి మోస్తామంటేనే వణికిపోతున్నారు. పైగా మాస్టారికి నడుము ఆపరేషనయింది.

మేడ మీద లిఫ్టు మోటారు గది ఉంది. మెయిన్ స్విచ్ కిందికి లాగి ఆపేసి ఉంది, దానికి బావమరిది ఎర్ర తాళం వేలాడుతోంది. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. లిఫ్టు మీద చెయ్యి వేసే ముందు ఎవరి తాళం వాళ్ళు స్విచ్‌కి వేసుకోవాలి. తాళంచెవి వాళ్ళ జేబులోనే ఉండాలి. వేసినవాడే తియ్యాలి. ఇంకొకడు దాన్ని ముట్టుకోకూడదు, యజమాని చెప్పినా సరే. తాళంతోపాటు ఒక పసుపు చీటీ కూడా కట్టి, ఎందుకు ఆపామో దాని మీద రాయాలి.

వాడి చీటీ మీద ఏమీ లేదు. తప్పు వాడొక్కడిదే కాదు. ఇద్దరం ఇంట్లోవాళ్ళమే కదా, నోటితో చెప్పుకుంటే పోయేదానికి రాయడమెందుకని ఏళ్ళ కిందటే మానేశాం. బయటివాళ్ళతో పనిచేస్తే మాత్రం నేనే దగ్గరుండి రాయిస్తాను.

వాడికి ఫోన్ చేశాను. గది మూలనున్న వాడి సంచీలోంచే మోగింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

కిందికి దిగి లిఫ్టు అడుగున ఉండే గుంటలో టార్చి వేసి చూశాను. పైకెక్కుతూ అంతస్తు అంతస్తుకీ తలుపు తెరిచి, వాడి పేరు పెట్టి అరిచాను. లిఫ్టు పెట్టె నెత్తి మీద చూశాను. ఎక్కడా లేడు. మోకాళ్ళు పట్టుకుని మోటారు గదిలోకి వచ్చేసరికి మాస్టారు అక్కడే ఉన్నారు.

"లోపల ఎవరైనా ఉన్నారా?" అన్నారు.

"లేరు సార్."

"మరింకేం, తాళం కోసెయ్యండి."

ఆయన నోట ఈ మాట వస్తుందనుకోలేదు. నెలనెలా సర్వీసుకి వచ్చినప్పుడల్లా ఈయన నా పక్కన నిలబడి పాఠం చెప్పేవారు. ఫలితాన్ని బట్టి మంచిచెడ్డలు తేల్చేవాళ్ళు కొందరట, ఫలితం ఏదైనా కట్టుబాటు తప్పకూడదనేవాళ్ళు మరికొందరట. తాను ఆ రెండోవైపు మనిషినని, లాభం చూసుకుని మాట తప్పేవాడికి మాటే లేదని చెప్పేవారు. గ్రీజు చేతులతో "అవును సార్, అవును సార్" అంటూ వినేవాణ్ణి.

"వేసినవాడే తియ్యాలి సార్. మీరే అంటారు కదా, ఫలితం చూడకూడదని."

"కట్టుబాటు ఎందుకు పెట్టుకున్నారు? లోపలున్న మనిషిని కాపాడటానికే కదా. లోపల మనిషే లేనప్పుడు ఇక ఆ తాళం దేన్ని కాపాడుతోంది? కింద మా అమ్మకి ఊపిరాడటం లేదు. మీవాడు ఎక్కడో టీ తాగుతుంటాడు."

చదువుకున్నవాడు ఎటు తిరిగి మాట్లాడినా గెలుస్తాడు, అదీ నా మంట. రోజూ ఒకటి చెప్పి, అవసరం తన గడప తొక్కేసరికి ఇంకొకటి చెబుతారా అని అడగాలనుంది. అడగడానికి ధైర్యం చాల్లేదు. ఎందుకంటే ఆయన చెప్పింది నాకూ సబబుగానే తోచింది. నేనే వెతికాను, ఎవరూ లేరు. వాడు టీ తాగుతూనే ఉంటాడు. ఆ ముసలావిడకి ఏమైనా అయితే, లేని మనిషికి కాపలా కాశానని రేపు ఎవరికి చెప్పుకోను?

గడియారం పదీ యాభై చూపిస్తోంది. సంచీలోంచి హాక్సా రంపం తీశాను. మాస్టారు గది బయటికి వెళ్ళి తల్లికి ఫోన్ చేస్తున్నారు, తాళం కోస్తున్నామని, ఇంకో ఐదు నిమిషాలు ఓపిక పట్టమని. నేను కోత మొదలుపెట్టాను. తాళం మంచిదే, నేనే కొనిచ్చాను. చెమట కళ్ళలో పడుతుంటే కొంకీని సగం దాకా కోశాను.

మాస్టారు వచ్చి ఫోన్ నా చెవి దగ్గర పెట్టారు.

"నాయనా," అన్నారు పెద్దావిడ. ఊపిరి కోసం ఆగారు. "ఆ తాళం ఎవరిది?"

"మా బావమరిదిదమ్మా."

"అతన్ని అడిగావా?"

"దొరకలేదమ్మా."

"అయితే నాకొద్దు. అడక్కుండా తెరిచిందాంట్లో ఎక్కాలంటే నాకు భయం. కుర్చీ అంటే కూడా భయమేలే, కానీ అందులో మీ మొహాలన్నా కనిపిస్తాయి. వచ్చి మొయ్యండి."

చిన్నపిల్లలాంటి భయం, దాని ముందు మాస్టారి వాదం కూడా పనిచెయ్యలేదు. ఆయన కసిరారు, బతిమాలారు. ఆవిడ వినలేదు. చివరికి నేను, వాచ్‌మన్, మూడో అంతస్తు దర్జీ కలిసి కుర్చీ పట్టాం. మాస్టారు ముందుండి వెనక్కి నడుస్తూ తల్లి చేతులు పట్టుకున్నారు. మలుపు వచ్చినప్పుడల్లా ఆవిడ కళ్ళు మూసుకుని "మెల్లిగా నాయనా" అన్నారు. ఏడు అంతస్తులకి నలభై నిమిషాలు పట్టింది. నా చేతులు ఇక నావి కావనిపించింది.

గేటు దగ్గర కారు ఎక్కిస్తుంటే బావమరిది ఎదురొచ్చాడు, పాత కాగితంలో చుట్టిన ఏదో వస్తువు పట్టుకుని. దులిపేద్దామని నోరు తెరిచాను.

"బావా, లిఫ్టు ముట్టుకోలేదు కదా," అన్నాడు, ముందుగా వాడే. "బ్రేకు చెక్కల్లో ఒకటి పూర్తిగా అరిగిపోయింది. ఊడదీసి కొత్త తొడుగు వేయించుకొచ్చా. కొట్టువాడు ఇంతసేపు నిలబెట్టాడు. వట్టి పెట్టె నిలబడి ఉంటే ఒక్క చెక్క పట్టి ఉంచుతుంది గానీ, మనుషుల్తో కదిలితే ఆపలేదు."

మోటారు పక్కనే నిలబడి తాళం కోశాను. బ్రేకు మీద మూత మామూలుగానే ఉంది, తెరిచి చూడలేదు. నేను వెతికింది మనిషిని, వస్తువుని కాదు. ఇరవై ఆరేళ్ళ పని నాది.

పెద్దావిడకి వంతు తప్పింది గానీ, ఆసుపత్రివాళ్ళు సర్దుబాటు చేసి రెండు గంటలు మిషను మీద ఉంచారు, మిగతాది మర్నాడు చేశారు. గండం గడిచింది.

రెండు రోజుల తర్వాత మాస్టారు దారిలో పట్టుకున్నారు. ఆయన మొహం వెలిగిపోతోంది. "క్లాసులో మీ గురించే చెప్పాను. నా అంతటివాణ్ణి నేను జారిపోయాను, ఒక మెకానిక్ నిలబడ్డాడు అని. ఒకసారి వచ్చి పిల్లలతో మాట్లాడాలి మీరు," అన్నారు.

"సార్, నేను సగం కోశాను," అన్నాను.

"అదే కదా గొప్ప. సగంలో ఆగారు."

"నేను ఆగలేదు సార్. మీ అమ్మగారు ఆపారు. ఆవిడ ఫోన్లో మాట్లాడకపోతే పూర్తిగా కోసేవాణ్ణి."

ఆయన నవ్వి నా భుజం తట్టారు. పాఠం ముందే సిద్ధమైపోయింది, అందులో నా మాటకి చోటు లేదు. ఆవిడకీ ఆ పాఠంలో చోటిచ్చినట్టు లేదు. నాకు ఒళ్ళు మండింది. ఇలా పొగిడే బదులు నన్ను తిడితే సరిపోయేది.

బావమరిది ఆ రోజే పైకెళ్ళి చెక్క బిగించి, తాళం తీస్తూ కొంకీ మీద కోత చూశాడు. బొటనవేలితో ఒకసారి తడిమి జేబులో వేసుకున్నాడు. వాడు అరిస్తే నేనూ అరిచేవాణ్ణి, చీటీ ఎందుకు రాయలేదని. వాడు అరవలేదు.

తర్వాతి వారం కొత్త మేడలో పని. నేను నా తాళం వేశాను. వాడు తన చీటీ నింపుతున్నాడు, ఏ భాగం విప్పుతున్నాడో, ఎన్నింటికి మొదలుపెట్టాడో, పూర్తిగా, గుండ్రటి అక్షరాలతో. తర్వాత కొత్త తాళం తీసి వేశాడు. సంచీలో చెయ్యి పెట్టి ఇంకొకటి తీసి, దాని పక్కనే అదీ వేశాడు.

"రెండెందుకురా?" అన్నాను.

"ఊరికే బావా," అన్నాడు, నా వైపు చూడకుండా.

పదకొండేళ్ళలో వాడి మీద నాకు కోపం రాని రోజు అదొక్కటే. వచ్చినా బాగుండేది.