ఎడమ భుజం మీది మరక

ఆ లాండ్రీలో ఒంటిగంట కొట్టిందంటే యంత్రాలు ఆగుతాయి, నోళ్ళు మొదలవుతాయి. మడతల బల్ల మీద అన్నం డబ్బాలు తెరుచుకుంటాయి, గోడ మీది టీవీలో హత్యకేసు సీరియల్ వస్తుంది. అందులో ఒక ముసలి కోటీశ్వరుడు చచ్చిపోయి అప్పటికి నాలుగు నెలలైంది. చంపింది ఆయన నర్సేనని సీరియల్లోని ఊరంతా తేల్చేసి, ఆమె ఇంటి కిటికీ అద్దాలు కూడా పగలగొట్టేసింది. ఆధారమల్లా ఆమె పెట్టెలో దొరికిన తెల్ల యూనిఫాం, దాని మీద ఎంత ఉతికినా పోని గోధుమరంగు నెత్తుటి మరక.

"ఇంకా విచారణ దేనికండీ, టైమ్ వేస్టు. లోపలెయ్యక!" అనేవాడు ఇస్త్రీ తమ్ముడు. నలభై అయిదేళ్ళొచ్చి నెత్తి నున్నగా అయిపోయినా అక్కడ అందరికీ అతను తమ్ముడే.

బట్టలకు గుర్తుచీటీలు కట్టే చీటీల వదిన ఫోన్ చూసి చెప్పేది. "ప్రేక్షకుల ఓటింగులో నూటికి తొంభై మంది నర్సే అంటున్నారు."

"తొంభై మంది అన్నాక ఇంకేం కావాలి?" అనేది ఓనరమ్మ. ఆవిడ తన ఏసీ గది వదిలి, డబ్బా పట్టుకుని వచ్చి మరీ ఈ కోర్టులో కూర్చునేది.

కాదనే మనిషి ఒక్కతే, మరకలక్క. ముప్ఫై ఒక్కేళ్ళుగా కిటికీ పక్క బల్ల దగ్గర నిలబడి, లోకం చేసుకొచ్చిన మరకలన్నీ తీసిన మనిషి. కూర, సిరా, గ్రీజు, లిప్‌స్టిక్, ఆమె చూడని పాపం లేదు.

"నర్సు కాదు," అంది ఆ రోజు. "నెత్తుటి మరకను చన్నీళ్ళలో ఉతకాలి. వేణ్ణీళ్ళు తగిలాయంటే గట్టిపడి, ఇదిగో, ఈ రంగుకు తిరిగి కూర్చుంటుంది. పొద్దస్తమానం నెత్తురు చూసే మనిషికి ఆ మాత్రం తెలీదా? ఆ బట్టను ఉతికింది ఎవరో గాని, పుట్టి బుద్ధెరిగి ఒక్క గుడ్డా ఉతికిన పాపాన పోలేదు."

అందరూ ఘొల్లున నవ్వారు. "అక్కను జడ్జీని చేస్తే ముద్దాయిని బకెట్లో నానబెట్టి నిజం రాబడుతుంది!" అన్నాడు తమ్ముడు. మరకలక్క కూడా నవ్వేసింది. సీరియల్ మాటే కదా, పోయేదేముంది అనుకుంది.

పోయేది సోమవారం వచ్చింది. మీగడరంగు ఉన్ని కోటు ఒకటి, ఇస్త్రీ బల్ల మీంచి ఎడమ భుజాన అరచేయంత గోధుమరంగు మరకతో లేచింది. తెచ్చిన మేడమ్ చీటీలో రాయించింది ఒకే ఒక్క మరక: కుడి చేతి అంచున సిరా. ఆ సిరాను మరకలక్కే తీసింది. భుజాన్ని ఆమె ముట్టుకోనేలేదు. ముట్టుకోలేదనే ఆమె అనుకుంటోంది.

"నీ మరకల మందు చిందింది, చూసుకోలేదు. ఈ మధ్య నీ కళ్ళజోడు ముక్కు మీద కంటే నెత్తి మీదే ఎక్కువుంటోంది," అంది ఓనరమ్మ. "పదకొండు మందిని అడిగాను. పదకొండు మందీ నీ పొరపాటే అన్నారు."

"ఆ పదకొండు మందిలో నేను పని చేస్తుంటే చూసినవాళ్ళెవరమ్మా?"

"అందరూ అనేదాంట్లో ఏదో ఉంటుందిలే. శనివారం మేడమ్ వస్తుంది, తప్పు ఒప్పేసుకుందాం. ఆ తర్వాత నువ్వు వెనకగదిలో గుండీలు కుట్టుకో. ఈ బల్ల ఇంకొకరికి ఇస్తాను."

వెనకగదికి కిటికీ లేదు. కిటికీ సంగతి అలా ఉంచి, ముప్ఫై ఒక్కేళ్ళ మాట పోతుంది. అంతకంటే బాధ ఏమిటంటే, మరకలక్కకే తన మీద అనుమానం పుట్టింది. నిజంగానే చిందిందేమో! నాలుగు రోజులు బల్ల ముందు నిలబడి, మందు సీసా ఎత్తి, దింపి, చుక్క ఎక్కడ పడుతుందో చూసుకుంది. మొన్నటిదాకా నర్సు మీద పడిన చూపులన్నీ ఇప్పుడు తన మీద పడుతున్నాయి. డబ్బా తెచ్చుకుని ఆమె పక్కన కూర్చోవడానికి ఎవరికీ మొహం చెల్లడం లేదు.

శుక్రవారం సీరియల్లో నర్సు బోనెక్కింది. లాయరు అరుస్తున్నాడు, జనం అరుస్తున్నారు, మరక ఎప్పుడు ఎలా వచ్చిందని ఒక్కడూ అడగడు. మరకలక్క చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది. తననూ ఎవరూ అడగలేదు. ఆ మాటకొస్తే తానూ ఎవరినీ అడగలేదు.

"తమ్ముడూ, కోటు నీ చేతికి వచ్చినప్పుడు మరక ఉందా?"

అతను తల వంచుకున్నాడు. "లేదక్కా. అబద్ధమెందుకు, ఉంటే ఇస్త్రీ పెట్టె పెడతానా? వేడి తగలగానే లేచింది. అందుకే నీ మందేనని చెప్పాను."

వేడి తగలగానే లేచింది! మరకలక్క అన్నం వదిలేసి కోటు దగ్గరకు పరుగెత్తింది. కళ్ళజోడు పెట్టుకుని కిటికీ వెలుతురులో చూసింది. పెద్ద మరక చుట్టూ చిన్న చిన్న చుక్కలు, కిందికి జారిన ధార ఒకటి. మందు చిందితే ఇలా ఉండదు, ఇది గ్లాసు ఒలికిన తీరు.

కోటు లోపలి జేబులో, అదనపు గుండీతో పాటు కంపెనీవాళ్ళు ఇచ్చే గుడ్డముక్క ఉంది. అదే ఉన్ని, అదే రంగు, తపాలాబిళ్ళలు నాలుగు పెడితే నిండేటంత. రెండోది లేదు, రెండో ప్రయత్నమూ లేదు.

శనివారం ఒంటిగంటకు కోటు మేడమ్ వచ్చింది. సీరియల్లో ఆఖరి తీర్పు ఆ రోజే కాబట్టి లాండ్రీ అంతా టీవీ ముందే ఉంది. ఓనరమ్మ క్షమాపణకు గొంతు సవరించుకుంటుండగా మరకలక్క అడ్డం వచ్చింది.

"అమ్మా, ఒప్పుకోవడానికి ముందు ఒక్క నిమిషం. మేడమ్, మీ కోటుతో వచ్చిన గుడ్డముక్కను సగానికి కత్తిరించుకోనా?"

మేడమ్ తెల్లబోయి సరేనంది. మరకలక్క ఒక ముక్క మీద తన మందు మూడు చుక్కలు వేసింది. రెండోదాని మీద మూడు చుక్కలు రంగులేని సోడా, కొట్లో అమ్మే తియ్యటిది. వేడి లేని ఫ్యాను గాలికి రెండూ ఆరబెట్టింది. రెండు ముక్కలూ ఎత్తి అందరికీ చూపించింది. ఎక్కడా ఆవగింజంత మచ్చ లేదు.

"తమ్ముడూ, పెట్టె నువ్వే పెట్టు. నేను పెడితే మళ్ళీ నా చెయ్యే అంటారు."

ముందు మందు ముక్క. సోడా సంగతి ఆమెకు తెలుసు గాని, ఈ మందును కడగకుండా వేడి కింద పెట్టడం ఆమె ముప్ఫై ఒక్కేళ్ళలో ఎప్పుడూ చేయలేదు. అది రంగు మారిందంటే గుండీలగదే గతి. తమ్ముడు పెట్టె ఎత్తాడు. ముక్క మీగడలా ఉంది.

రెండోది. పెట్టె ఆనిందో లేదో కమ్మటి మాడువాసన వచ్చింది. తమ్ముడు "అమ్మో!" అన్నాడు. మూడు చుక్కలూ గోధుమరంగులో లేచి కూర్చున్నాయి, అచ్చం కోటు మీది రంగే.

"తియ్యటి సోడా ఆరితే కంటికి కనిపించదు. వేడి తగిలితే పంచదార పాకం తిరుగుతుంది," అంది మరకలక్క. "ఎవరి మీద సోడా ఒలికిందో మరి."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మేడమ్ చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ భుజం మీదికి పోయింది.

"అయ్యో... మా మేనకోడలు బహుమతి తీసుకున్న రోజు! వెనకనించి ఎవరో తగిలారు, సోడా ఒలికింది. రుమాలుతో తుడిచాను. మచ్చ కనబడలేదు, మర్చేపోయాను."

చీటీల వదిన చప్పట్లు మొదలెట్టింది, లాండ్రీ దద్దరిల్లిపోయింది. మరకలక్క కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండూ దాచుకోలేదు. ఆ తర్వాత కోటును తన బల్ల మీదికి లాక్కుని, గోరువెచ్చని నీళ్ళు, కాస్త వెనిగర్ పెట్టి, చిన్న గుడ్డతో ఓపిగ్గా అద్దసాగింది. అరగంటలో పాకం కరిగి భుజం మళ్ళీ మీగడరంగుకు వచ్చింది. మేడమ్ ఆ చేతులు పట్టుకుని వదల్లేదు.

"నన్ను క్షమించక్కా," అన్నాడు తమ్ముడు. "అందరికంటే ముందు నోరు పారేసుకుంది నేనే."

"నోరు పారేసుకున్నా కంటితో చూసింది చూసినట్టు చెప్పావు. నాకున్న సాక్షివి నువ్వొక్కడివేరా!"

ఓనరమ్మ గట్టిగానే చెప్పింది, పదకొండు మందికీ వినబడేలా. "తప్పు నాది. బల్ల నీది. సోమవారం దాని మీదికి మంచి లైటు వేయిస్తాను."

"నా కళ్ళకు లైటు కావాలమ్మా, అది మాత్రం నిజం. వేయించు," అంది మరకలక్క.

అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. టీవీలో సబ్బు ప్రకటన వస్తోంది. సీరియల్ అయిపోయింది. నాలుగు నెలలు కొట్టుకు చచ్చిన తీర్పును ఒక్కరూ చూడలేదు.

చీటీల వదిన ఫోన్ తీసి గబగబా చదివి, నోరు తెరిచింది. "నర్సు కాదంట! ముసలాయన అల్లుడంట! యూనిఫాం మరిగే నీళ్ళలో ఉతికి ఆమె పెట్టెలో పెట్టాడంట!"

పదకొండు మందీ మరకలక్క వైపు తిరిగారు. ఆమె తలెత్తలేదు. తన బల్ల మీద, తన కిటికీ వెలుతురులో, తర్వాతి చొక్కా కాలరు తిప్పి చూస్తోంది.

"తెలుసు," అంది. "ఆ ఇంట్లో బట్టలుతకనివాడు అతనొక్కడే."