పంటి గాటున్న బొట్టు

క్లోజప్ అంటే నాకు గిట్టదు. మనిషిని ముక్కుగా, మూతిగా విడగొట్టి తెరంతా పరిస్తే చూసేవాడికి ఏం అర్థమవుతుంది? అయినా మా అమ్మాయి అనుప్రియ నటించిన పొట్టి సినిమా కాబట్టి ప్రదర్శనకు కాలరెత్తుకునే వెళ్ళాను. షూటింగప్పుడు కూడా "గుడికాడికి రా నాయనా" అని మరీమరీ పిలిచింది. ఎండలో నిలబడి ఆ వేషాలు చూసే ఓపిక నాకెక్కడిది? పొమ్మన్నాను.

వచ్చే శుక్రవారం దానికి నిశ్చితార్థం. వరుడు మేట్టుపాళయం కంపెనీలో సూపర్‌వైజరు, నేను ఏరి తెచ్చిన తెలుగు సంబంధం. అంతకుముందు విల్లియనూరులో బియ్యం కొట్టు నడిపే నరేంద్రన్ వచ్చి పిల్లనడిగాడు. తమిళులబ్బాయి. కాఫీ కూడా ఇవ్వకుండా గుమ్మంలోంచే సాగనంపాను.

ముందు వరసలో అనుప్రియ, ఆ సినిమా తీసిన దాని స్నేహితురాలు కవిప్రియ. నా పక్కన మా ఆవిడ సౌభాగ్యం.

కథ చివర పెళ్ళి. అన్నీ దగ్గర్నుంచే తీశారు. పసుపుతాడు, ఆపైన ముడి వేస్తున్న వేళ్ళు.

"పెండ్లంటే జనం కనపడాల గదా. ఏంది ఈ యేళ్ళ గోల?" అన్నాను.

తర్వాత తెర నిండా తాళిబొట్లు. గుండ్రటివి, రెండు. ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. మా తెలుగిళ్ళ పద్ధతే. ఫరవాలేదే అని మెచ్చుకోబోయాను. కెమెరా ఇంకా దగ్గరికి వెళ్ళింది. ఒక బొట్టు అంచున చిన్న సొట్ట.

పళ్ళొచ్చే వయసులో అనుప్రియ వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుని కొరికిన గాటది. కంసాలి సరిచేస్తానన్నా సౌభాగ్యం ఒప్పుకోలేదు. సినిమాకు గిల్టు తాళి చాలదా?

అప్పుడు పెళ్ళికొడుకు ముఖం వచ్చింది. నరేంద్రన్. ఏడుస్తున్నాడు. అది నటన కాదు.

పక్కకు తిరిగాను. సౌభాగ్యం మెడలో తాడుకు ఒకటే బొట్టు ఉంది. రోజూ ఎదురుగా నిలబడి అన్నం వడ్డించే మనిషి! ఇంటి దొంగను ఈశ్వరుడే పట్టలేడంటారు, నేనెంత?

"ఏమే, యాడ నీ బొట్టు?" అన్నాను.

"పుట్టింటి బొట్టు లేకుండా బిడ్డకు తాళి ఎట్ట కట్టేది?" అంది, తెర మీంచి చూపు తిప్పకుండా. "అత్తింటిది వాళ్ళు తెచ్చినారు. మనది నేనిచ్చినా."

"అంటే ఇది..."

"నిజం పెండ్లే. మీకు ఎదురుగా నిలబడి చెప్పేదానికి బయం దానికి. అందుకే ఇట్ట చూపిస్తా ఉంది."

లేచి అరుద్దామనుకున్నాను. అంతలో తెర మీద అనుప్రియ ముఖం. తాళి పడబోయే ముందు ముఖం. కళ్ళు మాత్రం పెళ్ళికొడుకు మీద లేవు. గుడి వాకిలి వైపు ఆత్రంగా వెతుకుతున్నాయి.

"ఎవుర్ని చూస్తా ఉంది?" అన్నాను.

"మిమ్మల్నే. షూటింగుకు రమ్మని అన్ని తూర్లు పిలిచింది గదా."