నాలుగు గోలీల లెక్క

బీరన్న మడమలో తుమ్మముల్లు దిగి చీము పట్టింది. పది రోజుల్లో గొర్రెల మంద వలస కదలాలి. అప్పటికి కాలు మానకపోతే మందను పాలివాళ్ల వెంట పంపి తాను మంచం మీద కూర్చోవాలి. అది తలుచుకుంటేనే ఆయనకు ముద్ద దిగడం లేదు.

తిరుమలగిరి దవాఖానలో డాక్టరు ముల్లు తీసి, కట్టుకట్టి, ఐదు రోజులకు పది యాంటీబయాటిక్ గోలీలు రాశాడు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. వాపు తగ్గినా మధ్యలో మానొద్దన్నాడు. బీరన్న భార్య జానమ్మ ఆ చీటీ పట్టుకొని, ఎప్పుడూ పోయే, తనకు వరసకు తమ్ముడయ్యే గుర్వయ్య మెడికల్ షాపు దాటి, మమత కొత్తగా పెట్టిన జనరిక్ దుకాణానికి పోయింది. గుర్వయ్య దగ్గర రెండువందల నలభై అయ్యే మందు అక్కడ అరవైకే వచ్చింది.

ఆ అరవైయే బీరన్నకు రుచించలేదు. గుర్వయ్యకు ఫోన్ చేసి అడిగాడు. చేజారిన బేరం గుర్వయ్య కడుపులో మండుతూనే ఉంది.

"పావు ధర మందుకు పావు బలమే బావా," అన్నాడు.

సాయంత్రం జానమ్మ మేకల పాలు పిండి వచ్చేసరికి బీరన్న ఒక చేతిలో చెంబు, ఒక చేతిలో నాలుగు గోలీలు పట్టుకొని ఉన్నాడు.

"ఏందయ్యా గది?"

"పావు బలమున్నయి నాలుగేసుకుంటె నిండు బలమైతది. కడుపుల పురుగులకిచ్చే నట్టల మందు పల్చగుంటె గొర్లకు ఎక్కువ తాపుతలేనా?"

"నువ్వు గొర్రెవా?"

"నీ చేతుల పడ్డంక గంతే గద!"

జానమ్మ చెంబు గుంజుకొని గుర్వయ్యకు ఫోన్ కలిపింది. ఇద్దరికీ వినబడేలా స్పీకరు పెట్టింది.

"తమ్మీ, మీ బావ నీ మాట విని నాలుగు గోలీలు ఒక్కపారి నోట్లేసుకున్నడు. ఇంక మింగలే, బుగ్గల పెట్టుకున్నడు. ఇంకో నాలుగేసుకుంటె జల్ది మానుతదా అని అడుగుమంటున్నడు. ఏమన్నయితె నీ పేరే చెప్తనంటున్నడు."

"అక్కా! బయటికి ఊంచమను! ఒక్కటంటె ఒక్కటే చాలు!"

"పావు బలమంటివి గద?"

"ఏదో కడుపుమంటల అన్ననక్కా! నా దగ్గరున్నదీ గదీ ఒక్కటే మందు. బలం గూడ గంతే. డబ్బా మీద పేరే వేరు."

బీరన్న ఫోన్ మీదికి వంగాడు. "మరి నీ దగ్గర నాలుగింతల ధరెందుకురా?"



"బావా, బుగ్గల నాలుగు గోలీలు పెట్టుకొని గింత సాఫుగ ఎట్ల మాట్లాడుతున్నవ్?"

బీరన్న గబుక్కున బుగ్గలుబ్బించి "మ్మ్‌మ్" అన్నాడు. జానమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఫోన్ పెట్టేసింది.

ఆ పూట ఒక్కటే మింగాడు. మూడో రోజుకు వాపు దిగింది. ఇంక మిగిలినవి కుంటి పొట్టేలుకు వేద్దామన్నాడు. జానమ్మ ఒప్పుకోలేదు. పదో గోలీ దాకా పూటపూటా ఎదుట నిలబడి, మింగినాక నోరు తెరిపించి, నాలుక ఎత్తించి మరీ చూసింది.

అనుకున్న రోజుకే మంద కదిలింది. ముందు బీరన్నే. బజారులో గుర్వయ్య షాపు ముందు కొత్త బోర్డు వేలాడుతోంది.

"బావా! నేను గూడ జనరిక్ పెట్టిన. గవే పది గోలీలు యాభై అయిదుకే!"

"మమతకు చెప్పిపోత తియ్! పొద్దుగూకేసరికి యాభై చేస్తది," అని బీరన్న గొంగడి భుజాన వేసుకొని, ఆగకుండా నడిచిపోయాడు.