రంగూను కాని బొమ్మ

నేను పేపర్లో ఫొటో అచ్చు వేసే ఒక జింకు బ్లాకును. అరచేతి వెడల్పు రేకు, దాని అడుగున చెక్క దిమ్మ. విశాఖపట్నంలోని ఒక దినపత్రిక నన్ను మద్రాసులో చేయించింది. ఆమ్లంలో ముంచి నా ఒంటి మీద వేల చుక్కలు మిగిల్చారు. అచ్చు వేస్తే ఆ చుక్కలన్నీ కలిసి, మలయాలో ఒక నది ఒడ్డున పడవ పందేలు చూస్తూ చేతులెత్తి కేరింతలు కొడుతున్న జనంగా కనిపిస్తాయి.

మొదటిసారి నా కింద "మలయాలో పడవ పందేల సంబరం" అని వేశారు. నేను నిజం చెప్పింది ఆ ఒక్కరోజే.

మా పత్రిక లెక్కలో పైదేశమంటే ఎప్పుడూ ఏదో ఒకటి తగలబడుతూ ఉండాలి. అక్కడి వాళ్లు వంట చేసుకుంటారని, పిల్లల్ని బడికి పంపుతారని రాస్తే వార్త కాదు. పైగా తంతి వార్త గంటలో వస్తే, ఫొటో రావడానికి వారం పట్టేది. ఫోర్‌మన్ గవర్రాజు సొరుగు లాగి, చేతులెత్తిన జనం ఉంటే చాల్లే అని నన్ను తీసేవాడు. ఈజిప్టు జనాగ్రహం నేనే. కాంగో తిరుగుబాటూ నేనే. పడవ కనబడకుండా ఒక అంచు కోసేశారు కూడా. ఒకసారి భూకంపం వార్తకు వాడారు. ఇళ్లు కూలితే జనం నవ్వుతారా అని ఎవరికీ తోచలేదు. పన్నెండేళ్లలో ఒక్క పాఠకుడైనా, ముందు వరసలో ఉన్న ఈ తలపాగా మనిషిని ఎక్కడో చూశామే అని అడగలేదు.

చివరికి ఒకావిడ గుర్తుపట్టింది, అదీ తప్పుగా.

1964లో రంగూనులో అల్లర్లని నన్ను వేశారు. మర్నాడు భీమిలి నుంచి పైడితల్లి అనే ఆవిడ ఆ పేపరు పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. ఆమె భర్త అప్పలసూరి రంగూను బియ్యం మిల్లులో పని చేసేవాడట. ఆరు నెలలుగా ఉత్తరం లేదు. పోయే ఉంటాడని బావగారు తేల్చేసి, గురువారం కర్మ చేయించి ఆమె గాజులు తీయించబోతున్నాడు.

"ఈ తలపాగా మా ఇంటాయనే బాబూ. బతికే ఉన్నాడని మా బావకి మీరో మాట సెప్పండి," అంది సబ్ ఎడిటర్ చయనులుతో.

పంపించెయ్యమని ఎడిటరు లోపలి గదిలోంచి కళ్లతోనే సైగ చేశాడు. చయనులు మాత్రం సొరుగులోంచి నన్ను తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది రంగూను కాదమ్మా. పన్నెండేళ్ల కిందటి మలయా."

ఆమె నన్ను వేలితో తడిమి చూసింది.

"మరి రంగూనని ఎందుకేసేరు?"

"అక్కడి ఫొటో ఏదీ మా దగ్గర లేదమ్మా."

"అయితే అక్కడ ఎవులు పోనారో, ఎవులున్నారో మీకూ తెలీదన్నమాట."

"తెలీదమ్మా."

"ఆ మాటే కాగితం మీద రాసియ్యండి."

రాసి, ఆఫీసు ముద్ర వేసి ఇచ్చాడు. పేపరు వాళ్లకే తెలియనిది తనకెలా తెలుస్తుందని బావగారు వెనక్కి తగ్గాడట. గురువారం కర్మ ఆగిపోయింది.

ఆమె వెళ్లిన రోజే చయనులు ఆకురాయి తెచ్చి నా ముఖం మీద అడ్డంగా నాలుగు గీతలు గీశాడు. నొప్పి సంగతెలా ఉన్నా, ఇక ఏ దేశాన్నీ మోయనక్కర్లేదు కదా అని ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత ఆయన బల్ల మీద కాగితాలు ఎగరకుండా బరువుగా ఉండిపోయాను.

కొన్నాళ్లకు రంగూను నుంచి తిరిగొచ్చేస్తున్న మనవాళ్లతో ఓడలు రావడం మొదలైంది. చయనులు రేవుకు వెళ్లి, దిగిన వాళ్ల పేర్లు ఒక్కొక్కటే అడిగి రాసుకొచ్చి పేపర్లో వేశాడు. బొమ్మ లేక పేజీ బోసిగా ఉందని ఎడిటరు సణిగాడు. పైడితల్లి మళ్లీ వచ్చింది. ఆమెకు చదువు రాదు కాబట్టి చయనులే పేర్లన్నీ చదివి వినిపించాడు. అప్పలసూరి పేరు లేదు.

"ఇంకో ఓడుందంట కదా," అందామె లేస్తూ. "దానికీ పేర్లే ఏయండి బాబూ. బొమ్మొద్దు."