పొడుగు పరుపు, పొట్టి దుప్పటి

దుప్పట్ల విషయంలో రోండాకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. హైవే పక్క మోటెల్లో గదులు సర్దే ఆడవాళ్ళందరి మీదా ఆవిడే పెద్ద. పెళ్ళయ్యాక ఉద్యోగం మానేస్తుందనుకున్నారు గానీ మానలేదు. ఎవరింటికి వెళ్ళినా ముందు మంచం వంక చూస్తుంది, ఏదో అనబోయి మింగేస్తుంది. అలాంటి మనిషికి జూలై నెలలో, దుకాణంలో హాస్టల్ సామాన్ల వరసలో నిలబడి, పద్దెనిమిదేళ్ళ పిల్ల దుప్పట్ల గురించి చెప్పబోయింది.

“హాస్టల్ మంచాలకి వేరే సైజు ఉంటుందట రోండా. కాస్త పొడుగు రకం,” అంది డెలేనీ.

“ఒంటి మంచం అంటే ఒంటి మంచమే. తాతకి దగ్గులు నేర్పకు,” అంది రోండా, సగం ధరకి పెట్టిన నీలం చారల సెట్టు బండిలో వేస్తూ.

డెలేనీ ఊరుకుంది. ఆ పిల్లకి ఊరుకోవడం బాగా వచ్చు. వాళ్ళ నాన్న డెనిస్ రోండాని చేసుకున్నప్పటి నుంచి ఒక్కసారి ఎదురు చెప్పలేదు, ఒక్క తలుపు విసిరికొట్టలేదు. అన్నం తిని, ప్లేటు కడిగి పెట్టి, థాంక్స్ చెప్పి తన గదిలోకి వెళ్ళిపోయేది. తన మంచం తనే వేసుకునేది. పోట్లాడే పిల్లయితే ఏదో ఒక రోజు రాజీ పడవచ్చు. మర్యాదగా ఉండే పిల్లతో ఏం చెయ్యాలో రోండాకి పాలుపోలేదు.

డెలేనీ కన్నతల్లి ఫీనిక్స్‌లో ఉంటుంది. మంచిదే, పండక్కీ పుట్టినరోజుకీ పార్సిళ్ళు పంపుతుంది. సెలవుల్లో డెలేనీ అక్కడికి వెళ్తే “అమ్మావాళ్ళింట్లో ఉన్నా” అనేది ఫోన్‌లో స్నేహితురాళ్ళతో. ఇక్కడికి వస్తే “నాన్నావాళ్ళింట్లో ఉన్నా” అనేది. మా ఇల్లు అన్న మాట ఆ పిల్ల నోట రోండా ఎప్పుడూ వినలేదు. విననప్పుడల్లా లోపల ఎక్కడో కలుక్కుమనేది.

వేసవి కాగానే డెలేనీ కాలేజీలో చేరి హాస్టల్‌కి వెళ్ళబోతోంది. మోటెల్లో టీ తాగే వేళ ఆ ముచ్చటే నడిచేది. ముగ్గురు పిల్లల్ని హాస్టల్లో దింపి వచ్చిన బెర్నిస్ ఆ విషయంలో పెద్ద పండితురాలు.

“పెట్టెలు ఎవరైనా మోస్తారే. మేకులు ఎవరైనా కొడతారు. మంచం మాత్రం తల్లే వెయ్యాలి. ఆ రోజు వేసిన దుప్పటి మీదే కదా పిల్ల మొదటి రాత్రి పడుకునేది,” అంది బెర్నిస్.

“సవతి తల్లయితే?” అని అడిగింది రోండా, కప్పులోకి చూస్తూ.

“సవతి తల్లికి చేతులుండవా?”

ఆ మాట రోండా మనసులో నాటుకుపోయింది. వేసవంతా సామాన్లు కొన్నది ఆ మంచం కోసమే అన్నట్టు కొంది. కిటికీలో పెట్టే ఫ్యాను, స్నానానికి వేసుకెళ్ళే రబ్బరు చెప్పులు, సబ్బులూ షాంపూలూ పెట్టుకునే చిల్లుల బుట్ట, గోడకి మేకు కొట్టకుండా అంటించే కొక్కేలు, మంచం కిందికి తోసే చదును పెట్టెలు, ఇవన్నీ అవసరమే. వాఫుల్స్ అనే గళ్ళ అట్లు పోసే కరెంటు పెనం ఎందుకు కొందో ఆవిడకే తెలియదు. హాస్టల్లో అవి నిషేధం అని డెలేనీ చెబితే, పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టుందా అని తనే నవ్వుకుని దాన్ని వంటింట్లో అటక మీద పెట్టింది. దుప్పట్లు మాత్రం ముందే ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, మడిచి పెట్టుకుంది.

తీరా బయల్దేరే ముందు రాష్ట్రం తూర్పు భాగాన పెద్ద గాలివాన వచ్చింది. డెనిస్ కరెంటు లైన్లు బాగుచేసే మనిషి. స్తంభాలు పడిపోయాయని పిలుపు వస్తే కూతురి పెళ్ళయినా ఆగడు. కూతుర్ని గట్టిగా కౌగిలించుకుని, రోండా చెవిలో “నువ్వున్నావుగా” అని చెప్పి ట్రక్కెక్కేశాడు.

ఆ విధంగా రోండా, డెలేనీ ఇద్దరే కార్లో మిగిలారు. వెనక సీట్లో ఫ్యాను, దిండ్లు, బొంత, బట్టల బుట్టలు కప్పు దాకా ఉన్నాయి. అద్దంలో వెనక రోడ్డు కనపడదు. దారికి అటూ ఇటూ మొక్కజొన్న ఏపుగా నిలబడి ఉంది. డెలేనీ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. సగం దారిలో ఒక చెవిది తీసింది.

“నువ్వు సామాను దింపేసి వెళ్ళిపోవచ్చు రోండా. మళ్ళీ అంత దూరం కారు నడపాలి కదా. సర్దుకోవడం నేను చూసుకుంటా. మంచం కూడా నేనే వేసుకుంటా.”

ఎంత మర్యాదగా చెప్పిందంటే కోపం తెచ్చుకోవడానికి కూడా సందు లేదు. అలాంటప్పుడు రోండా ఆగకుండా మాట్లాడుతుంది.

“చూద్దాంలే. తొందరేముంది? అన్నట్టు, మా మోటెల్లో పరుపు మూలలకి తొడిగే ఎలాస్టిక్ దుప్పట్లుండవు, తెలుసా? ఎందుకంటే ఆరబెట్టే యంత్రంలో వేడికి ఎలాస్టిక్ చచ్చిపోతుంది. అన్నీ సాదా దుప్పట్లే. మూలలు చేత్తోనే మడుస్తాం. కొత్తగా చేరిన పిల్లలకి ముందు అదే నేర్పిస్తా. సగం మంది ఆ మూలలు రాకే పారిపోతారు.”

డెలేనీ “ఓహో” అంది. తీసినదాన్ని మళ్ళీ చెవిలో పెట్టేసుకుంది. గోడకి చెప్పుకున్నా ఒకటే అనుకుంది రోండా.

హాస్టల్ ముందు తిరునాళ్ళలా ఉంది. ఒకే రంగు చొక్కాలు వేసుకున్న పెద్ద తరగతి పిల్లలు వచ్చి కారులో సామాను చక్రాల బండిలోకి ఎక్కించేశారు. గది మూడో అంతస్తులో. రోండా, డెలేనీ పైకి చేరేసరికి గదిలో ఒక సగం అప్పటికే పూర్తయిపోయింది. గదిలో ఉండబోయే రెండో అమ్మాయి ఆబ్రీ కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటోంది. వాళ్ళమ్మ క్రిస్టా సొరుగులు తుడుస్తోంది. ఆబ్రీ మంచం మీద తెల్లటి దుప్పటి, గులాబీ బొంత, పెద్దవీ చిన్నవీ దిండ్లు కొలువు తీరి ఉన్నాయి. పడుకోవాలంటే ముందు ఆ దిండ్లని అనుమతి అడగాలి.

పలకరింపులయ్యాయి. పిల్లలిద్దరూ ముందే అనుకున్న ప్రకారం ఆబ్రీ చిన్న ఫ్రిజ్జు తెచ్చింది, డెలేనీ ఫ్యాను తెచ్చింది. ఇక మిగిలింది మంచం. డెలేనీ బట్టలు తగిలించడానికి అటు తిరిగింది. రోండా ఆ సందు చూసుకుని దుప్పట్ల సంచీ అందుకుంది. చూస్తూ చూస్తూ ఎలా వదులుకుంటుంది?

మంచం గోడకి ఆనుకుని ఎత్తుగా ఉంది. రోండా చెప్పులు విప్పి, మోకాళ్ళ మీద పైకెక్కింది. ఎలాస్టిక్ దుప్పటి తీసి తల వైపు రెండు మూలలూ తొడిగింది. కాళ్ళ వైపు లాగింది. అందలేదు. ఇంకాస్త గట్టిగా లాగి ఒక మూల ఎలాగో తొడిగింది. తొడగగానే తల వైపు మూల టప్పున ఊడి ఆవిడ వీపుకి తగిలింది. అటు వెళ్ళి అది సరిచేస్తే ఇటుది ఊడింది. పరుపు పెద్దదా, దుప్పటి చిన్నదా అని ఆలోచిస్తూ ఒక్క క్షణం అలాగే కూర్చుండిపోయింది. జూలైలో తను అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

“అయ్యో, మీరు పొడుగు రకం తీసుకోలేదా?” అంది క్రిస్టా తుడిచే గుడ్డతో నిలబడి. “ఇక్కడి పరుపులు మామూలు వాటికంటే పొడుగండి. మా చెల్లెలూ ఇలాగే పొరపడింది. ఆబ్రీకి నేను ఇంకో సెట్టు కొని పెట్టా. విప్పను కూడా లేదు. తీసుకోండి, ఏం పర్లేదు.”

వెటకారం లేదు ఆవిడ గొంతులో. నిజంగా మంచి మనిషే. అదే రోండాకి ఎక్కువ బాధగా ఉంది. ఈ కాలేజీ వ్యవహారం మొత్తంలో తనకి తెలిసినది ఒక్క మంచమే. అక్కడే బోర్లా పడింది. చెవులు వేడెక్కాయి. పిల్ల ఇప్పుడు “నేను ముందే చెప్పా” అంటుందని ఎదురుచూసింది. అంతకంటే ఘోరం, మర్యాదగా “పర్లేదు రోండా, నేను చూసుకుంటా, నువ్వు వెళ్ళు” అంటుందేమోనని భయపడింది.

డెలేనీ చేతిలో చొక్కా పట్టుకుని క్రిస్టా ఇస్తున్న పొట్లం వంక చూసింది. మంచం మీద మోకాళ్ళ మీద ఉన్న రోండాని చూసింది.

“మోటెల్లో ఎలాస్టిక్ దుప్పట్లుండవన్నావు కదా,” అంది. “సాదా దుప్పటి దీనికి సరిపోతుందా?”

రోండా నోరు తెరిచింది. పిల్ల ఆ మాటలన్నీ విందన్నమాట.

“పొడుక్కి బొటాబొటీగా వస్తుంది. తల వైపు గట్టిగా దోపితే చాలు, కాళ్ళ వైపు ఎలా ఉన్నా ఎవరు చూస్తారు?”

“అయితే నేర్పించు. వచ్చే వారం ఉతికితే మళ్ళీ వెయ్యాల్సింది నేనే కదా.”

డెలేనీ క్రిస్టాకి థాంక్స్ చెప్పి పొట్లం వద్దంది. రోండా మంచం దిగింది. వేసవంతా తన చేత్తోనే వెయ్యాలనుకున్న మంచం అది. అయినా, అడిగింది వెయ్యమని కాదు, నేర్పమని. సంచీలోంచి, సెట్టులో పైన కప్పుకోవడానికి ఇచ్చిన సాదా దుప్పటి తీసి దులిపి పరిచింది. ఇవతలి మూల మెల్లగా చేసి చూపించింది. అంచు పట్టుకుని పైకెత్తి, పరుపు మీద మడత పెట్టి, వేలాడుతున్నది కిందికి దోపి, మడత దించి అదీ దోపేసింది. కాగితం మడిచినట్టు వచ్చింది మూల.

గోడ పక్క మూల డెలేనీ వంతు. పిల్ల మంచం ఎక్కి చాలాసేపు కుస్తీ పట్టింది.

“ఏదీ, చూడనీ,” అని రోండా వంగి చూసింది. “మా దగ్గర పనిచేసే పిల్లవైతే ఇవాళ్టి జీతం కోసేదాన్ని.”

“జీతం ఎంతిస్తావేంటి?”

“నీ మూలకి ఇచ్చేది తక్కువే. పీకెయ్. మళ్ళీ వెయ్.”

డెలేనీ నవ్వింది. మర్యాదకి నవ్వే నవ్వు కాదు, ముక్కులోంచి వచ్చింది. పీకేసి మళ్ళీ వేసింది. రెండోసారి కాస్త నయం. మూడోసారి రోండా ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆవిడ ఇచ్చే పెద్ద మెచ్చుకోలు. పనికిరాని ఎలాస్టిక్ దుప్పటిని మాసిన బట్టల మూటకి వాడుకుంటానని డెలేనీ మడిచి కిందికి తోసింది.

కారు అక్కడ ఎక్కువసేపు ఆపకూడదని కింద నుంచి కేకేశారు. వీడ్కోలు తొందరతొందరగా అయిపోయింది. ఒక చేత్తో కౌగిలింత, తిండి మానకు, ఫోన్ చెయ్యి, అంతే. రోండా మెట్లు దిగి వచ్చి కారు తలుపు తీసేసరికి ముందు సీటు కింద ట్రే కనపడింది. మరమరాలూ వేరుశెనగ ముద్దా కలిపి, పైన చాక్లెట్ పూసి, ముందు రోజు తను చేసిన స్కాచరూలు. హాస్టల్ అంతటికీ పంచమని చేసింది. మతిమరుపుని తిట్టుకుంటూ, కారు దగ్గరున్న కుర్రాణ్ణి బతిమాలి, ట్రే పట్టుకుని మళ్ళీ మూడంతస్తులూ ఎక్కింది.

గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల క్రిస్టా గొంతు వినపడింది.

“చాలా బిగుతుగా వచ్చిందే. ఇలా వెయ్యడం నేనెక్కడా చూడలేదు.”

“మా ఇంట్లో దుప్పట్లన్నీ ఇలాగే వేస్తామండీ,” అంది డెలేనీ. “ఎలాస్టిక్‌వి మా ఇంట్లో వాడం.”

పచ్చి అబద్ధం. ఇంట్లో అన్ని మంచాలకీ అందరిలాగే ఎలాస్టిక్ దుప్పట్లే. ఇంటికొచ్చాక కూడా మూలలు మడిచే ఓపిక ఎవరికుంటుంది? రోండా ట్రే పట్టుకుని తలుపు బయట నిలబడిపోయింది. కళ్ళు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. సంతోషం అంత పెద్దదిగా ఉంటుందని ఆవిడ అనుకోలేదు. కాసేపాగి, మోచేత్తో తలుపు తట్టి లోపలికి వెళ్ళింది.

“ఇది మర్చిపోయా,” అని ట్రే బల్ల మీద పెట్టింది. తర్వాత క్రిస్టా వైపు తిరిగింది. “అవునండీ. మా ఇంట్లో ఇంతే. ఎలాస్టిక్ గడప తొక్కనివ్వం.”

డెలేనీ చెవుల దాకా ఎర్రబడింది. తల వంచుకుని ఒక స్కాచరూ తీసి రోండా చేతిలో పెట్టింది.

“దారిలో తిను. మెల్లగా నడుపు,” అంది.

తిరిగొచ్చే దారిలో రోండా దుకాణం దగ్గర ఆగింది. హాస్టల్ సామాన్ల వరసలోకి వెళ్ళలేదు. అది దాటి ఇంటి సామాన్ల వైపు నడిచింది. డెనిస్‌కీ తనకీ పెద్ద మంచానికొకటి, డెలేనీ గదిలో మంచానికొకటి, మంచి మందం బట్ట చూసి సాదా దుప్పట్లు బండిలో వేసుకుంది. నవంబరు సెలవులకి పిల్ల ఇంటికొస్తుంది. ఆ లోపల డెనిస్‌కి మూలలు మడవడం నేర్పాలి.