కనుబొమ మీది గాటు

నేను ఒక నియాండర్తల్ మనిషిని. అంటే, విశాఖలోని ఒక మ్యూజియంలో నా కాళ్ల దగ్గర పెట్టిన బోర్డు అలా చెప్పేది. మా జాతి నలభై వేల ఏళ్ల కిందటే నశించిందట. నిజానికి నా వయసు ఏడు నెలలు. ఒళ్లంతా ఇనుప వల, గోనెపీచు, ప్లాస్టర్.

నన్ను చేసినవాడు తాతారావు. అమ్మవారి విగ్రహాలు చేసే చెయ్యి. మ్యూజియం వాళ్లిచ్చిన పుర్రె కొలతల ప్రకారం నుదురు, దవడ, ముక్కు బాగానే కుదిరాయి. కళ్లు మాత్రం చివర్న దిద్దాలి. తెలిసిన ముఖం ఒకటి తలుచుకోకుండా కళ్లు దిద్దడం అతనికి అలవాటు లేదు. తలపుకొచ్చింది ఆరేళ్ల కిందట చేపలవేటకు వెళ్లి తిరిగిరాని తమ్ముడు ఎల్లాజీ. కళ్లతో ఆగినా బాగుండేది. ఎడమ కనుబొమ మీద తమ్ముడికున్న గాటు కూడా పెట్టేశాడు మహానుభావుడు.

పరీక్షించడానికి వచ్చిన పెద్దలు ఆ గాటు చూసి ఎంత మురిసిపోయారో! బోర్డు మీద ఇంకో ముక్క చేర్చారు: అడవిదున్న పొడిచిన గాయం.

ప్రదర్శనకు జనం బాగానే వచ్చారు. నా పక్కన నిలబడి సెల్ఫీలు దిగారు, అచ్చం మా మేనేజరే అని నవ్వుకున్నారు. నాలుగో రోజున ఎల్లాజీ భార్య గవిరమ్మ వచ్చింది. బావ చేసిన బొమ్మ చూద్దామనే వచ్చింది, పాపం. నన్ను చూస్తూనే అడ్డంగా కట్టిన తాడు పట్టుకుని కూలబడిపోయింది. గైడు అడవిదున్న కథ చెబుతున్నాడు.

"దున్నా నేదు, గిన్నా నేదు బాబూ. తెడ్డు తగిలినాది. నానే పసుపెట్టి కట్టు కట్టినాను" అంది.

ఆ తర్వాత రోజూ వచ్చేది. నెల తిరిగేసరికి ప్రదర్శన ముగిసింది. బొమ్మలు దాచడానికి చోటు లేదు కాబట్టి కమిటీ ఎదుట పగలగొట్టాలని ఉత్తర్వు. గవిరమ్మ ఆఫీసరు కాళ్ల మీద పడింది.

"ఆ తలకాయొక్కటీ ఇప్పించండి బాబూ. మా ఆయన శవం నేదు, ఫొటో నేదు. ఆ మొకాన్ని గంగమ్మ తల్లికి అప్పజెప్పీసి తానమాడీస్తాను. ఆరేళ్లయిపోనాది, ముత్తైదువునో ముండనో నాకే తెలీదు."

"ప్రభుత్వ ఆస్తమ్మా. పగలగొట్టొచ్చు గానీ ఇవ్వకూడదు" అన్నాడాయన. మంచివాడే, కళ్లు కూడా తుడుచుకున్నాడు. ఓరి మనుషుల్లారా!

పగలగొట్టడానికి తాతారావునే పిలిచారు. ఎక్కడ కొడితే విడిపోతానో చేసినవాడికే కదా తెలిసేది! వద్దురా నాయనా అని ఎంత గింజుకున్నానో. ప్లాస్టర్ గింజుకుంటే ఎవరికి కనిపిస్తుంది? అతను ముందు తడిమట్టితో నా కళ్లు మూశాడు, తర్వాత సుత్తి ఎత్తాడు. కమిటీ వాళ్లు సంతకాలు పెడుతుండగా కనుబొమ ముక్క ఒకటి అతని పంచె మడతలోకి పోయింది. గేటు బయట గవిరమ్మ చేతిలో పెట్టాడు.

"ఇంతేనా, బావా?"

"ఇదొక్కటే దక్కినాది, గవిరీ."

ఆ సాయంత్రమే ఆమె సముద్రంలోకి మోకాలి లోతు దిగింది. నన్ను పిడికిట్లో పట్టుకుని చెయ్యెత్తింది. ఉప్పునీళ్లు తగిలితే నేను ఎంతోసేపు ఉండనని తెలుసు. అయినా వదలాలనే కోరుకున్నాను. విసిరెయ్యి తల్లీ, స్నానం చేసి ఇంటికెళ్లు! ఆమె వేళ్లు విడలేదు. గాటు మీద బొటనవేలు పెట్టి తడిమింది. చెయ్యి దించేసి నన్ను కొంగున ముడేసుకుంది.

పదకొండు రోజులైంది. రోజూ దిగుతుంది, రోజూ చెయ్యెత్తుతుంది, మళ్లీ ముడేసుకుంటుంది. నేను నీ ఎల్లాజీని కానమ్మా, నన్ను వదిలెయ్ అని గట్టిగా అరవాలని ఉంది. నా నోరు మ్యూజియం వెనక చెత్తకుప్పలో ఉంది.