రెండో గీత

రావాలి, రెండో గీత కూడా రావాలి, కార్డు మీద మొదటిది ఎర్రగా పడి కూర్చుంది, రెండోది పడితే ఈయనకు కరోనా ఉన్నట్టే, ఉంటే ఈరోజు పొట్టలో రాళ్ళు తీసే ఆపరేషన్ లేనట్టే, పొట్ట పట్టుకుని ఇంటికి పో జయరాముడూ పో, స్టూలు మీద కూర్చుని నా వైపే చూస్తున్నాడు, నా ఒళ్ళంతా తెల్ల కిట్టు, మాస్కు, దాని మీద షీల్డు, నన్ను గుర్తుపట్టలేదు, ఇందాక ముక్కులో పుల్ల పెడుతుంటే నిదానం తల్లీ, మంటగా ఉండాది అన్నాడు, తల్లీ అట, పోయిన ఎండాకాలం ఈ నోరే కదా మా వాకిట్లో నిలబడి ఏమప్పా లింగప్పా, నీ కూతురు ఆసుపత్రిలో కరోనా వాళ్ళను ముట్టుకోని వస్తాది, మా కొళాయి తాకొద్దండి, నీళ్ళు యాడన్నా చూసుకోండి అన్నది, ఇంటి ఓనరు కదా, మేమిచ్చే అద్దె మాత్రం తాకొచ్చు, నాయన బిందెలు తీసుకుని ట్యాంకరు దగ్గరికి పోయాడు, అనంతపురంలో మే నెల ట్యాంకరంటే తిరునాళ్ళే, ఆ తోపులాటలో ఎవరి దగ్గు మొహాన పడిందో, కొన్నాళ్ళకే ఊపిరందక పోయాడు, నాకు వారం వారం పరీక్ష చేస్తూనే ఉన్నారు, నాకెప్పుడూ లేదు, నాయనకు రోగం తెచ్చింది నేను కాదు, ఈయన.

గీత రాలేదు, టైమైపోయింది, పాపీ చిరాయువని ఊరికే అన్నారా, రాకపోతే ఏం, నేను పాజిటివ్ అంటే పాజిటివే, కార్డు చెత్తడబ్బాలో పడేస్తే అడిగేవాడు లేడు, మాట నాలుక చివర ఉంది, అనేస్తాను, అంతలో లోపల్నుంచి అరుణజ్యోతి డాక్టరమ్మ ఏమైంది త్రివేణీ, పేషెంటును పంపిస్తాండావా అని కేకేసింది, ఆ పేరు వినగానే ఆయన మెడ తిరిగింది, షీల్డు వెనక నా కళ్ళు వెతికాడు, అవును, లింగప్ప కూతుర్నే అన్నాను, ముక్కు తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు, ఏం పెట్టినావే నా ముక్కులో అని గొణిగాడు, తలుపు బయట నిలబడిన భార్యను పిలిచి ఈడ వద్దే, కర్నూలుకు పోదాం పా, ఈ యమ్మి నన్ను బతకనీదు అంటూ స్టూలుతో సహా వెనక్కి జరిగాడు.

ఆ భయం చూసి నా కడుపు నిండింది, ఎందుకు దాచాలి, నిండింది, ఆ రోజూ నన్ను చూసి ఇలాగే వెనక్కి జరిగాడు, అప్పుడు నా దగ్గర భయపడడానికి ఏమీ లేదు, ఇప్పుడుంది, పాజిటివ్ అంటే ఏమవుతుంది, ఇంటికి పోయి రోగాన్ని తిట్టుకుంటాడు, నన్ను మరిచిపోతాడు, చచ్చినా అంతే, చచ్చినవాడికి ఏం గుర్తుంటుంది, వద్దు, నెగెటివ్ మేడమ్, పంపిస్తాండా అని అరిచాను, యాడికీ పోవద్దు మామా, నీకేమీ లేదు, ఈడ బాగా చేస్తారు అన్నాను, నిజంగానే అన్నాను, ఈయన చావు నాకక్కర్లేదని ఇప్పుడు తెలిసింది, ఈయన బాగుపడాలి, నూరేళ్ళు బతకాలి, బతికినన్నాళ్ళూ తనను బతకనిచ్చింది లింగప్ప కూతురని తెలిసి బతకాలి.